మిల్లు గోడ మీద సుద్దవేళ్ళు

శనివారం పొద్దున్నే
రాజోలు దాటాక, మూతపడ్డ బియ్యం మిల్లు వెనక గోడకి
వరసగా నిలబెడతాను కుర్రాళ్ళని.
మధ్యవేలికి తడి సుద్ద.
మడమ లేవకుండా చెయ్యి చాచి ఒక గుర్తు,
ఎగిరి ఒక గుర్తు.
ఆ రెంటి నడుమ జాగా నాది.
టైలరు కరీముల్లా ఇచ్చిన టేపుతో కొలుస్తాను.
మొదటి అయిదు సెంటీమీటర్లూ చిరిగిపోయాయి,
తీసేసి రాసుకోవాలి.

"బలమంటే ఎంత మోస్తావని కాదురా," అంటాను ప్రతిసారీ.
"నూకల బస్తా మీ మావయ్య కూడా మోస్తాడు.
ఉన్న కండంతా ఎంత తొందరగా ఒలకబోస్తావని.
లాకు తలుపు తిప్పినట్టు కాదు,
గట్టుకి గండి పడ్డట్టు."
నవ్వుతారు.
గండి అంటే వాళ్ళకి చెప్పక్కర్లేదు,
ముందటేడు మా గోలుపోస్టులు అందులోనే కొట్టుకుపోయాయి.

కొబ్బరి వలుపుల ఇంటి పిల్లాడు బొంతు ఏలీషా, యాభై ఒకటి.
సఖినేటిపల్లి నించి సైకిలు తొక్కుకొచ్చే ఓలేటి నూకరాజు, నలభై ఎనిమిది;
సైకిలే రెండు తినేసిందంటాడు, ఒప్పుకోను.
గోలుకీపరు మూడుసార్లు ఎగిరినా నలభయ్యే.
ఆఖర్న పెమ్మాడి దానయ్య.
పోయిన నెల యాభై ఆరు.
ఇవాళ నలభై నాలుగు.
మళ్ళీ అన్నాను. నలభై మూడు.
మళ్ళీ.
గోడ మీద చెయ్యి జారింది, గుర్తు పడలేదు.

"సిగరెట్లు మొదలెట్టావేంట్రా?"
పలకలేదు.
అప్పుడు చూశాను పాదాలు:
వేళ్ళ సందులు తెల్లగా నాని,
మడమలు ముడతలు పడి.
"రాత్రి పట్టుబడండి," అన్నాడు నూకరాజు, వాడి బదులు.
"పన్నెండింటికి దిగేరు రొయ్యల చెరువులోకి, నడుం లోతు.
తెల్లారేదాకా వల లాగి
ఐసు లారీకి ఎత్తి, ఇటే వచ్చేశాడండి."

నా పుస్తకంలో గడులున్నాయి,
ఎత్తు, బరువు, గెంతు, పది మీటర్ల పరుగు.
చెరువుకి గడి లేదు.
స్కేలు దొరక్క చేత్తోనే గీశాను, వంకరగా.

మిగతావాళ్ళకి రాశాను
వారానికి రెండ్రోజులు ఏటి ఇసకలో పరుగు,
రేవు మెట్ల మీద ఒంటికాలి గెంతులు.
వాడి పేరుకి ఎదురుగా, నిద్ర.
తొంగి చూసి అడిగాడు,
"అదీ ప్రాక్టీసేనాండి?"
"ఆయ్. వచ్చే శనివారం కొలుస్తాను," అన్నాను
ఎలా కొలవాలో తెలీకుండానే.

అందరూ వెళ్ళాక
చేతిలో సుద్దముక్క మిగిలింది.
అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి
నేనూ ఓసారి ఎగిరాను.
ఎంతో చెప్పను.
టేపు అప్పటికే చుట్టేశాను.