పలకని మెట్టు

షార్జా అవతల, పేరుకే సజా అనే చోట
నా పైమంచం లింబాద్రిది.
పగలు అరబ్బీ బోర్డులు రాసేటోడు.
చదవరాదు, బొమ్మలెక్క గీసేటోడు.
అక్షరాల తోకలకు చేపల్ని వేలాడదీసిండని
ఫోర్‌మన్ రెండుసార్లు జీతం కోసిండు.

శుక్రవారం పాత సామాన్ల గోదాముల
దుమ్ముపట్టిన పియానో ముంగట కూసునేటోడు.
ఎడమ చెయ్యి పడుగు, కుడి చెయ్యి పేక,
ఏసీ మోతే శ్రుతి.
ఒక మెట్టు పలకదు.
దాని మీదా వేలు పెట్టి, ఆగి,
విన్నట్టే తలూపేటోడు.
మలబారీ వాచ్‌మన్ చాయ్ పొర్లిచ్చుకునేదాకా నవ్వేటోడు.

కట్టిన పాటలన్నీ సిమెంటు సంచి లోపలి కాగితాల మీదనే:
గళ్లు, చుక్కలు, అక్కడక్కడ బోర్డుల ఎర్రరంగు.

పియానో తుక్కుకు పోయింది. ఆయన వీసా కూడా అయిపోయింది.
ఇంటికి సబ్బులు చుట్టుకొచ్చిన కాగితమొకటి
నా పెట్టెల మిగిలింది.

అంతకుముందే దుబాయిల
సంగీతం చెప్పే గోవా ఆయనకు చూపిస్తే
తిరగేసి, బోర్లేసి, "ఇది పాట కాదు" అన్నడు.

సిరిసిల్లల మా మేనమామ
అద్దాలు పెట్టుకొని గోటితో లెక్కబెట్టిండు.
"నెయ్యొచ్చుర. మంచి అంచు.
గని ప్రతి వరసల, అదే తావుల
ఒక్క పోగు విడిచిండు.
ఎవడు వీడు?"