వేళ్ళ లెక్క

మేపుల్టన్ దాటాక రోడ్డు నదినే పట్టుకుని వెళుతుంది.
కొండ ఎక్కడ జారిందో చెప్పడానికి బోర్డు అక్కర్లేదు.
నల్లటి డగ్లస్ ఫర్ల నడుమ
పైనుంచి కిందిదాకా ఒక చార,
చారంతా ఆల్డర్లు, అన్నీ ఒకే ఈడువి
ఒకే తరగతి పిల్లల్లా.

నా పని వేళ్ళు తెంపడం.
దీనికి డాక్టరేట్ ఇస్తారంటే ఎవరూ నమ్మరు.
గుంట తవ్వి, వేరుకి బిగింపు పెట్టి
స్ప్రింగు కాటాతో లాగుతాను.
తెగేముందు ముల్లు ఎక్కడిదాకా వెళ్ళిందో
వానకి తడవని పసుప్పచ్చ పుస్తకంలో రాస్తాను.
చిటికెన వేలంత వేరు
నా బరువంతా ఆపి మరీ తెగింది మొన్న.

కొట్టేసిన చెట్టు సంగతి అలా కాదు.
నాలుగేళ్ళకి సగం పట్టు.
ఎనిమిదో ఏడు చేత్తో నలిపితే
టీలో ముంచిన బిస్కెట్టు.
కొత్త మొక్క వేరు అప్పటికింకా లోతుకి దిగదు.
పాతది వదిలేసి, కొత్తది పట్టుకోని
ఆ సందు చూసుకుని
నవంబరు వాన వస్తుంది.

సాయానికి వచ్చే ఆర్లో హస్కెట్‌కి డెబ్భై ఆరు.
ఒకప్పుడు ఈ వాలుని నున్నగా గొరిగిన వాళ్ళలో ఒకడు.
కుడిచేతికి మూడే మిగిలాయి.
"మాకు వేళ్ళ గురించి ఎవడు చెప్పాడు కనక"
అన్నాడు మొదటిరోజు.
ఇంగ్లీషులో అన్నాడు కాబట్టి
అది చెట్ల గురించే.

మా ప్రొఫెసర్ అడుగుతుంది: బాణం గుర్తు ఎటు పెట్టావు?
అడవి నుంచి కొండకా, కొండ నుంచి అడవికా?
జారిన పచ్చిమట్టిలో ముందు మొలిచేది ఆల్డరే.
ఆల్డరు బలిపించిన మట్టిలో దేవదారు పిల్ల.
గీస్తాను, చెరుపుతాను.
మా భాషలో వేరు అంటే ఇదీ, విడి అనీ కూడా
అని ఆర్లోకి చెబితే
"ఎవరో సరిగ్గా వినలేదు" అన్నాడు.

ఇవాళ చార అంచున, నరక్కుండా వదిలిన గట్టు మీద
ఒక ఫర్ దొరికింది.
మొదలు పక్కకి ఒరిగి, మోకాలెత్తున తేరుకుని
మళ్ళీ నిటారుగా పైకి.
బోరు తిప్పి పెన్సిలంత పుల్ల బయటికి లాగాం.
లోపల్నుంచి సన్నగా, సమంగా వస్తున్న వలయాలు
ఒకచోట ఉన్నట్టుండి వెడల్పై ఎర్రబడ్డాయి.
కాళ్ళకింద నేల కదిలిన ఏడు అది.
అప్పట్నుంచీ వాలుపక్కనే ఒళ్ళు పెంచుకుని
తనని తానే లేపుకుంది.

ఆర్లో బెరడు వైపునుంచి గోటితో లెక్కపెట్టాడు.
నలభై ఒకటి దగ్గర ఆగాడు.
"ఆ రాత్రి నా వెనక ట్రక్కు వెండెల్‌ది."
నన్నోసారి లెక్కపెట్టమన్నాడు. పెట్టాను.
నలభై ఒకటే.
దానికి ఎన్నేళ్ళ ముందు ఈ వాలు నరికారో
నేనడగలేదు.
నా గ్రాఫు తను చూశాడు.

పుల్లని కాగితం స్ట్రాలోకి తోసి
ఎం పదిహేడు అని రాశాను.
పెన్ను ఇమ్మన్నాడు.
మూడు వేళ్ళతో, కాస్త వంకరగా
కింద ఇంకో పేరు రాశాడు.

ల్యాబులో ఎవరైనా అడుగుతారు
ఇది ఏ జాతి చెట్టని.