పెన్సిల్ గడి

కందుకూరు శాఖా గ్రంథాలయం, మూడో బీరువా.
లోక్‌సభ రిజిస్టరు, చెదలు తినగా మిగిలింది.
కొత్త పుస్తకానికి గీతలు కొడుతున్నా:
ఏడు, నియోజకవర్గం, గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు.
ఓడినవాళ్ల గడి మాల్యాద్రి సారు పెట్టిందే.
"వాళ్లూ మన గుమ్మాల్లో చేతులు జోడించినోళ్లే గదమ్మా!"

పేర్లు సిరాతో రాయమనేవాడు,
జిల్లా మాత్రం పెన్సిల్‌తో.
అప్పట్లో నవ్వేదాన్ని.
నెల్లూరోళ్లం, ప్రకాశమోళ్లమయ్యాం,
ఉన్నచోటే ఉండి మళ్లీ నెల్లూరోళ్లం.
రబ్బరు రుద్దీ రుద్దీ పాత రిజిస్టర్లో ఆ గడి
ఉల్లిపొరంత పలచనై
వెనకపేజీ ఓట్ల లెక్క కనపడుతోంది.

మధ్యాన్నం ఖాజాబీ వచ్చింది,
పొగాకు గ్రేడింగు నుంచి నేరుగా, వేళ్లకు ఇంకా జిగురు.
"ఢిల్లీలో మన మనిషెవురు? అర్జీ పెట్టాల."
పేరు చెప్పాను. మెజారిటీ కూడా చెప్పాను, అడక్కపోయినా.
"అదిగాదు, యాడికి రాయాల?"

డెబ్బై ఏళ్ల లెక్కంతా ఉంది,
ఉత్తరం చేరే చోటు మాత్రం
సారూ పెట్టలేదు, నేనూ పెట్టలేదు.
అంచున మిగిలిన వేలెడు జాగాలో
ఇంకో గీత లాగాను, స్కేలు జారి వంకరపోయింది.
సిరా ఆరకముందే
ఆమె నల్లటి వేలు దాని మీద పెట్టి
"ఈడేనా?" అంది.