కారణం అనే గడి

కందుకూరు పెద్దాసుపత్రిలో
రికార్డుల గది తాళం నా కొంగున ఉంటుంది.
పందొమ్మిదేళ్లుగా చావుల్ని వరసలో కూర్చోబెడుతున్నాను:
పేరు, ఈడు, ఊరు, తేదీ,
చివర్న బొటనవేలంత గడి, కారణం.
పట్టినంత అందులో రాస్తాను.
పట్టనిది నాతో ఇంటికొస్తుంది.

మధ్యలో జిల్లా మారింది.
ప్రకాశం కొట్టేసి నెల్లూరు అన్న రబ్బరు స్టాంపు ఇచ్చారు.
గడి పెరగలేదు.

పోయిన శ్రావణంలో డాక్టరు వకుళ గారు
"అయిదేళ్ల లెక్క తియ్యి తల్లీ,
మత్తు మీద కమిటీ వేశారు" అన్నారు.
పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి పోయినవాళ్లు
మూడు రిజిస్టర్లు దాటారు.
అందరూ సర్కారు ముద్ర ఉన్న సీసానే తాగారు,
పన్ను కట్టి మరీ.
నోరు, గొంతు, ఊపిరితిత్తి:
వీళ్లకి విడిగా పుస్తకం కుట్టించాల్సొచ్చింది.
గంజాయి కోసం వెతికాను.
చావు గడిలో ఒక్కటీ దొరకలేదు.

దొరకలేదని చేతులు దులుపుకుంటే లెక్క అబద్ధమవుద్ది.
ఓపీ చీటీల్లో ఉన్నాడు వలేటివారిపాలెం కుర్రాడు.
గోడతో మాట్లాడేవాడు,
గోడ బదులు చెప్పిందని ఏడ్చేవాడు.
వాణ్ణీ రాశాను,
వేరే కాగితం మీద, పెద్ద అక్షరాలతో.

ఆ వారమే మాల్యాద్రిని తెచ్చారు వైద్యపరీక్షకి.
బస్టాండులో దొరికాడు, జేబులో రెండు పొట్లాలు.
నాడి మామూలు. రక్తపోటు మామూలు.
సబ్‌జైలుకి మామూలుగా తీసుకుపోయారు.
వాళ్లమ్మ మాలకొండమ్మ గ్రేడింగు షెడ్డు నుంచి
పరిగెత్తుకొచ్చింది. వేళ్లకింకా పొగాకు జిగురు.
కిటికీ ఊచల్లోంచి నా పుస్తకం కేసి చూసి
"ఏ ఆకుకి ఎంత శిక్షో అందులో రాసుంటదామ్మా?" అంది.
"ఇందులో పోయినవాళ్లే ఉంటారు" అన్నాను.
"అయితే మావోడు లేడుగా" అంది,
కాస్త ఊపిరి పీల్చుకుని.

నెల్లూరు కలెక్టరాఫీసులో ఏసీ చల్లగా ఉంది.
అందరం చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాం.
నా పట్టిక చూసి ఒకాయన
"నిజమే గానీ, జనంలోకి తప్పుడు సంకేతం పోతుంది" అన్నాడు.
ఆబ్కారీ ఆయన ఫోనొచ్చి బయటికెళ్లాడు.
ప్రొజెక్టరు ఒక పక్కకి ఒరుగుతుంటే
నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కాలి కింద తోశారు.
బొమ్మ తిన్నగా పడింది.

మా పెద్దత్త గుర్తొచ్చింది.
సారా పాకెట్లు కాలవలో పారబోసిన ఆడవాళ్లల్లో ఆమె ఒకతి.
ఆమె దగ్గర పట్టిక లేదు.
విరిగిన మోచెయ్యి ఉంది.
అప్పుడు దాన్ని సాక్ష్యం అన్నారు.
మరి ఇప్పుడు నా దగ్గరున్నదేంటి?

కావలి దాటాక బస్సు ముందు లారీ.
వేలానికి పోయే బేళ్లు, గోనెలు కప్పి, మోకులు బిగించి.
ఆ వాసన నాకు అమ్మ చీర వాసనంత తెలుసు.
మా నాయన బ్యారన్ పొయ్యి పక్కనే నులకమంచం వేసుకుని
ఆరేసి రాత్రులు వేడి చూసుకుంటూ మేలుకునేవాడు.
ఆకు పసుపు తిరిగితే నాకు ఫీజు.
నల్లబడితే అప్పు.
మిగిలిన ముక్కలు చుట్టుకుని ఆయనే కాల్చేవాడు.
చివరికి గొంతుకి రంధ్రం పెట్టారు,
దాంట్లోంచి నా పేరు ఈలలా వచ్చేది.

ఆయన వరస రాసింది నేనే.
కారణం గడిలో "గుండె ఆగి" అని.
గుండె ఎవరికి ఆగదు?

రాత్రి మళ్లీ గది తెరిచాను.
రికార్డు దిద్దకూడదు, నేరం.
దిద్దలేదు.
గడి పక్కన, మార్జిన్లో, పెన్సిలుతో రాశాను:
పొగాకు.
కింద ఇంకో ముక్క:
నన్ను చదివించిందీ అదే.

గీత దాటి పక్క పేజీలోకి పోయింది నా రాత.
పక్క పేజీ ఎవరిదో చూడలేదు.