చందా బుక్కు

సనయ్య అంటే
కొత్తగ వచ్చినోనికి పక్కూరి పెద్దమనిషి పేరనిపిస్తది.
కాదు. దోహాకు ఈవల
లారీలు, గ్యారేజీలు, ముప్ఫై ఎనిమిదో గల్లీ,
ఒక్కో అర్రకు ఎనిమిది మంచాలు.
మా అర్రల పదో తరగతి పాసైంది నేనొక్కన్నే
అందుకే బుక్కు నా చేతికొచ్చింది.

బుక్కంటే ఏం కాదు
సైటుల సిమెంటు బస్తాలు రాసి వదిలేసిన రిజిస్టరు.
ముందు సగం బస్తాలు,
ఎన్క సగం మనుషులు.

శుక్రారం. తలుపు గొళ్లెం పెట్టినం.
పర్మిట్ లేకుంట డబ్బా తిప్పితే ఇక్కడ పోలీసులు పడ్తరు.
పోశెట్టి ఫోన్ల ఫోటో చూపెట్టిండు:
శ్రీహిత, ఏడేండ్లు,
ముంజేతికి సూది పట్టీ, పట్టీ మీద
నర్సెవరో పెన్నుతో గీసిన పిల్లి.
రక్తం ఎక్కిస్తే నెల నడుస్తదట,
మళ్లా ఇంకిపోతదట, ఎండకాలం బోరు లెక్క.
తమ్ముని మూలుగ కలిసిందట.
మూలుగంటే బొక్కల కూరల పీల్చుకునుడే మాకెరుక.
ఒకల నుంచి ఒకలకు
పోసుకోవచ్చని ఎవలు చెప్పిండ్రు?

"ఎవలి బిడ్డ?" అన్నడు గంగనర్సయ్య.
పోశెట్టి బిస్కెట్ డబ్బా మూత తీసిండు, పెట్టిండు,
మళ్లా తీసిండు.
"రాజేశం బిడ్డ."

ఏసీ ఒక్కటే మోగింది.

రాజేశం.
నా దగ్గర లక్షా పదివేలు.
ఉండుడు ఫ్రీ, ఓటీ ఉంటది, ఏసీల పని అన్నడు.
దిగి చూస్తే కంపెనీ లేదు, బోర్డు ఉంది.
గంగనర్సయ్యవి రెండు బర్లు, ఒక దూడ.
ఎల్లాగౌడ్‌కు విజిట్ వీసా అంటగట్టి
నాలుగు నెలలు నీళ్లట్యాంకుల నడుమ దాసిండు.
ఎనిమిది మందిల ఐదుగురం
ఆయన తోలిన గొర్లమే.

ఎల్లాగౌడ్ దిగ్గున లేచి బయటికి పోయిండు,
చెప్పులు మరిచిండు.
పగటి పన్నెండుకు ఆ నేల పెనం.
నాలుగడుగులేసి
కాలుగాలిన పిల్లి లెక్క ఎగురుకుంట వాపసొచ్చిండు.
మంచం మీద అరికాళ్లు రుద్దుకుంట
ఆ ఫోటో ఇంకోసారి అడిగిండు.

"రాయి," అన్నడు.
"ఆయన నాకు తొంభై వేలు బాకీ. అందుల నుంచి
ఇరవై వేలు పిల్లకిచ్చినట్టు రాసుకో."
నవ్వినం. నవ్వద్దనుకుంటనే నవ్వినం.
తర్వాత దిండు గలీబులకెల్లి
రెండువందల రియాళ్లు తీసి డబ్బాల ఏసిండు.
"గది గదే, ఇది ఇదే" అన్నడు.

కుంజుమోన్ వంటింట్ల నుంచి యాభై పంపిండు,
ఎవలి బిడ్డని అడగలే.
నేపాలీ వాచ్‌మన్ పది ఇచ్చి
పేరు తన లిపిల తనే రాసుకున్నడు.
ఖాజామియా మసీదు కాడికెల్లి వచ్చి
చెమటకు తడిసిన నోట్ల ఉండ ఒకటి పెట్టిండు,
విప్పుతుంటే చినుగుతదని భయమైంది.

గంగనర్సయ్య మాత్రం
"నేనియ్య" అన్నడు.
గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.
ఎవ్వలం ఏమనలే.
బర్లు ఆయనవి.

నేను యాభై రాసి, కొట్టేసి, వంద రాసిన.
రాజేశానికి కట్టిన అప్పుకు
ఇంకా మిత్తి కడుతున్న.
ఈ నెల మిత్తి రాజేశం బిడ్డకు.

అంత కలిపితే రెండు వేల మూడువందల నలభై.
మన పైసలల్ల యాభై వేలు దాటుతది.
దవాఖానోళ్లు అడిగింది పదిహేను లక్షలు.
అంటే ఆ పిల్ల పండుకునే మంచానికి
కొన్ని దినాల కిరాయి.
మిగిలింది ఏ క్యాంపుల, ఏ గల్లీల
ఎవలి దిండు గలీబుల ఉన్నదో.

పంపిన మూడోనాడు
రాజేశం గొంతు మెసేజ్ వచ్చింది, పదకొండు సెకన్లు.
గొంతు సవరించుకుంటడు. మాట రాదు.
మళ్లా సవరించుకుంటడు.
ఎన్క నుంచి సన్నటి గొంతు:
"బాపూ, ఫోన్ల చార్జింగ్ లేదే."
అంతే, కట్.

లైటార్పినంక
గోడ దిక్కు నుంచి గంగనర్సయ్య అన్నడు:
"ఇంకోసారి పెట్టు."
పెట్టిన.
"ఇంకోసారి."

బుక్కుల ఆయన పేరు రాసే ఉంచిన.
పక్కన అంకె లేదు.
గీత కొట్టబుద్ధి కాలే.