మైకు ఎత్తు

దేవరకొండ బస్టాండు పక్కన నా రికార్డింగు షాపు.
పెళ్ళి బ్యాండు, ఒగ్గు కథ, ఎన్నికల ప్రచారం,
గొంతు ఎవరిదైనా టేపు ఒకటే అనుకునేవాణ్ణి,
మర్రిగూడ దిక్కు నుంచి జెకర్యా మాస్టారు
సైకిలు తొక్కుకుంటూ వచ్చి
క్రిస్మస్‌కు ఒక క్యాసెట్ కావాలనేదాకా.
బయానా కింద రుమాలు విప్పితే
అన్నీ రూపాయి బిళ్ళలే.
మూలన ఒక దూది పింజ.

వాళ్ళ గుడి ఒకటే గది.
చప్పుడు తిరగబడకుండా కిటికీలకు గొంగళ్ళు కట్టాం.
పిండిగిర్ని ఆగేదాకా, ఆ మీద
కుక్కలు పడుకునేదాకా
చాయ్ తాగుతూ కూర్చున్నాం.
ఖాళీ గ్లాసు అడుగున
సున్నం వేసినట్టు తెల్లటి మరక.
నేను చూడటం చూసి
గ్లాసు లాక్కుపోయింది ఒక పిల్ల.

స్టాండ్లు నా గదమ ఎత్తుకు బిగించి
రండి, నిలబడండి అన్నాను.

ఎవరూ కదల్లేదు.
తర్వాత కదిలారు.
ఒకరు గోడ పట్టుకుని, ఒకరు పక్కవాళ్ళ భుజం పట్టుకుని,
నడిమి గొంతుల వాళ్ళు నలుగురు
చేతుల మీద జరుగుతూ.
ముప్పై నిండని ఏలియా
విల్లులా వంగిన కాళ్ళను
ఎవరివో అన్నట్టు ఎత్తి చాప మీద పెట్టుకున్నాడు.
మాస్టారు కూడా వాళ్ళ పక్కనే కూర్చున్నాడు.
ఆ గదిలో నిటారుగా మిగిలింది
నేను, రెండు ఇనుప స్టాండ్లు.

మర విప్పి దించాను. ఇంకా దించాను.
నా మోకాలికి జానెడు పైన బిగించాను.
ఆ ఎత్తులో నేనెన్నడూ ఏ పాటా పట్టలేదు.

గొల్లలకు రాత్రిపూట కబురొచ్చిన పాట మొదట.
గొంగళ్ళు కప్పుకుని కిటికీలు విన్నాయి.
తర్వాతది
మాస్టారు చిన్నప్పుడు పాలమూరు మిషన్ బంగళాలో
నల్ల రికార్డు తిరుగుతుంటే
బయట నిలబడి నేర్చినదట.
సముద్రం అవతల, అమ్ముడుపోయిన మనుషులు
పత్తి చేలల్లో కట్టుకున్నదట.
అంతవరకు చెప్పి
"పత్తి మాకెరికే గదా" అన్నాడు.
మాట దొరకని చోట ఊఁ అని పాడారు, నాలుగు గొంతులతో,
నేల కింద బోరు మోటారు తిరిగినట్టు.
ఆ పాటలో ఒక నది ఉంది, దాటవలసిన నది.
సలోమమ్మ దాటే మాట తీసేసి
తాగే మాట పెట్టింది.
"అవతలికి వోయి ఏం జేస్తం బిడ్డా,
ముందుగాల తియ్యటి నీళ్ళు దొరకాలె."

ఆఖరి చరణంలో
లేచి నిలువుడి అని వస్తుంది.
అక్కడికి రాగానే
ఏలియా ఫక్కున నవ్వాడు.
పక్కవాళ్ళకూ అంటుకుంది.
పాట మాత్రం తెగలేదు,
నవ్వును చంకలో పెట్టుకుని నడిచింది చివరిదాకా.

మళ్ళీ తీద్దాం అన్నాను.
"ఎందుకూ?" అంది సలోమమ్మ.
"గొంతు నిలవడ్డదా లేదా, అది జూడు."
మీటరు చూశాను.
ముల్లు ఎర్రగీత దగ్గర నిలబడి ఉంది.

రెండు వందల క్యాసెట్లు చేశాం.
నలభైదాకా అమ్ముడుపోలేదు.
అట్టల మీద నక్షత్రం కొంచెం వంకరగా పడింది,
అది ప్రెస్సువాడి తప్పు.

మొన్న ఒక కుర్రాడొచ్చాడు, ఏలియా కొడుకునన్నాడు.
కృష్ణ నీళ్ళొచ్చాక పుట్టినవాడు,
గుమ్మానికి తల తగులుతుందని వంగి లోపలికొచ్చాడు.
నాన్న పోయి ఆరేళ్ళయిందన్నాడు.
పాతదేదైనా ఉంటే ఫోనులోకి ఎక్కించమన్నాడు.
మాస్టరు టేపు వెతికి, పెన్సిలుతో తిప్పి పెట్టాను.
కూర్చోమన్నా కూర్చోలేదు.
పాటంతా నిలబడే విన్నాడు.
"ఆ నవ్వు కాడికెళ్ళి ఎక్కియ్యి అన్నా, సాలు" అన్నాడు.

స్టాండ్లు రెండూ షాపు వెనక ఉన్నాయి.
మరలు ఆ ఎత్తులోనే తుప్పుపట్టాయి.
పెళ్ళిళ్ళకు పనికిరావు.
పాత ఇనుము వాడు రెండుసార్లు అడిగాడు.