ఎడమచేతి వాటం

ఆ వేసవిలో మూడు ప్రెస్సులు చూశాను.
మొదటిది కజాని సంతలో,
ఒళ్ళంతా కొత్త ఆకుపచ్చ రంగు.
గోరుతో గీకితే రంగు కింద ఇంకో రంగు,
దాని కింద తుప్పు.
పైన పటారం లోన లొటారం, గోరు తుడుచుకుని వచ్చేశాను.

రెండోదానికి మెడ దగ్గర పోత ఇనుములో సన్నని గీత.
వెంట్రుక అన్నాడు అమ్మేవాడు.
ఊదాను.
వెంట్రుకైతే ఎగిరిపోవాలి.

మూడోది కుహ్మో దాటాక, హెల్వి గారి గరాజులో,
బంగాళాదుంపల బస్తాల వెనక
దుప్పటి కప్పుకుని ఉంది.
పిడి విడిగా, మేకుల డబ్బాలో.
"ఔలిస్‌ది" అంది. ఇంకేం చెప్పలేదు.

పాతవి కొనేటప్పుడు నోరు కట్టేసి
చేతుల్ని మాట్లాడనివ్వాలి.
నిలువు కడ్డీని పైదాకా లేపి
రెండు వేళ్ళతో అటూ ఇటూ ఊపాను.
కదిలింది, కాస్త.
ముప్పై ఏళ్ళు తూటాలు నింపిన ఇనుముకి
ఆ మాత్రం కీళ్ళవాతం ఉండదా?
డై బిగించే మర చుట్టూ వేలు తిప్పాను, ఒక్క పన్నూ విరగలేదు.
తొడుగు కూర్చునే గాడిలో మాత్రం
పాత ప్రైమర్ల మసి, చెరిగిన కాటుకలా.

"నలభై యూరోలు" అంది.
"యాభై" అన్నాను, ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.
ఇద్దరం కాసేపు తలకిందుల బేరం ఆడి
నలభై అయిదు దగ్గర ఆగాం.

మొదటి పది తొడుగులూ వంకర.
అద్దం పలక మీద దొర్లిస్తే
శుక్రవారం రాత్రి బారు మూసేశాక మా ఊరి మగాళ్ళు నడిచినట్టు నడిచాయి.

బల్లని అనుమానించాను. నాలుగో బోల్టు వేశాను.
గాడిని అనుమానించాను. పళ్ళు తోముకునే బ్రష్షుతో తోమాను,
ఆ బ్రష్షు నాదేనని మర్నాడు పొద్దున గుర్తొచ్చింది.
డై విప్పాను, కడిగాను, బిగించాను, మళ్ళీ విప్పాను.
ఇత్తడిని అనుమానించాను, కళ్ళజోడుని అనుమానించాను.
"కొత్తది కొనుక్కోరాదా, సీర్పా" అన్నాడు రైమో,
దుప్పుల వేట తొమ్మిది రోజుల్లో ఉందని లెక్కపెడుతూ.
వాడికి కొత్తవన్నీ నమ్మకమే.

చివరికి హెల్వికి ఫోన్ చేశాను.
ఫిర్యాదు కాదండీ, అంటూనే ఫిర్యాదు చేశాను.
అవతల చాలాసేపు కెటిల్ చప్పుడు.
"పిడి ఏ పక్క బిగించావు?"
"కుడి పక్క."
నవ్వింది. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి వినడం.
"ఆయన కుడిచేతికి రెండే వేళ్ళమ్మా.
మిగతావి రంపపు మిల్లు ఉంచేసుకుంది,
తొంభై నాలుగు మార్చిలో.
ఆ తర్వాత అన్నీ ఎడమ పక్కనుంచే.
తలుపులు, చెంచాలు, నన్ను లేపడం కూడా."

పిడి మార్చాను.
ఎడమచేత్తో లాగితే కడ్డీ
తను అరిగిన వైపుకి ఒరిగి,
పాత కుర్చీలో వీపు ఆనించినట్టు కుదురుగా పైకి లేచింది.
పదకొండో తొడుగు అద్దం మీద
గీత గీసినట్టు దొర్లి
అంచు దాటి కింద పడి
చీకట్లో ఎక్కడో టింగుమంది.
వెతకలేదు.

నా ఎడమ భుజం వారం రోజులు నొప్పి పెట్టింది.
ఇనుముకి అలవాటైన దారి
నా ఎముకకి ఇంకా కొత్తే.

హెల్వికి ఒక మాట చెప్పలేదు.
ఆ మిల్లులోనే నేను రంపాలకి పదును పెడతాను,
పదమూడేళ్ళుగా.

సోమవారం తొమ్మిదో నంబరు రంపం బల్ల మీదికి వచ్చింది.
దాని పళ్ళ మీద ఆకురాయి పెట్టబోతూ ఆగి
ఇది ఎప్పటిదని ఫోర్‌మన్‌ని అడిగాను.
నాకంటే ముందునుంచీ ఉంది, అన్నాడు.